చేను లేని బదులు

మా కరుణ నడుస్తోంది. ఎడమకాలు కొంచెం పొట్టి. తుంటి దగ్గర వంగదు. అడుగు వేసినప్పుడల్లా నడుం ఒక పక్కకి ఒరుగుతుంది. అయినా నడుస్తోంది. ఈ మాట ముందే రాసేస్తున్నాను. పిల్ల బతికిందా లేదా అని చివరిదాకా ఎవరూ ఊపిరి బిగబట్టుకుని చదవక్కర్లేదు. ఆ బాధ నేను పడ్డాను, చాలు.

కిందటి నెలలో మా సంఘం పాస్టరమ్మగారు స్త్రీల కూటంలో నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. పిల్ల నడిచింది గనక దేవుడికి స్తోత్రం, వైద్యం చేశారు గనక ఆసుపత్రికి వందనం, ఈ రెండు ముక్కలూ చెప్పి కూర్చుంటే చాలన్నారు. నేను లేచి నిలబడ్డాక రెండు ముక్కలతో ఆగలేదు. వరండా గురించి చెప్పాను, గడప గురించి చెప్పాను, సూరమ్మగారి గురించి మొదలుపెట్టాను. అక్కడ పాస్టరమ్మగారు పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. నా సాక్ష్యం సగంలో ఆగిపోయింది. దేవుడికి చెప్పవలసిన స్తోత్రం నేను ఇంట్లో చెప్పుకున్నాను, అందులో ఏ లోటూ చెయ్యలేదు. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. కాగితానికి అడ్డంగా ఎవరూ పాట ఎత్తలేరు.

నా పేరు మార్తమ్మ. మాది మామిడికుదురు దగ్గర. మా పేటలో బడికి వెళ్ళిన ఆడపిల్లలు కొద్దిమంది, అందులో నేనొకదాన్ని. ఐదో తరగతి దాకా చదివాను. మా ఆయన దావీదు ఒక కామందు దగ్గర పాలేరు. నేను కూలికి వెళ్తాను. మాకు సెంటు భూమి లేదు. ఆ సంగతి ఎందుకు చెప్తున్నానో ముందుకి వెళ్తే మీకే తెలుస్తుంది.

1954, వేసవి

కరుణకి అప్పటికి ఆరేళ్ళు నిండాయి. పేరు పెట్టి పిలవడం కూడా ఇంకా అలవాటు కాని పసివాడు, నా కొడుకు చిట్టిబాబు, నా చంకలో ఉన్నాడు. ఎండల్లో కరుణ కొబ్బరి డొక్కల గుట్ట ఎక్కి ఆడుతూ జారిపడింది. మర్నాటి నుంచి కుంటడం మొదలుపెట్టింది. బెణికిందనుకున్నాం. మా వైపు కాలు బెణికినా చెయ్యి విరిగినా కట్టు కట్టేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్తారు. మేమూ అలా ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఆకు నూరి, గుడ్డు సొన కలిపి పట్టు వేసి, వెదురుబద్దలు పెట్టి కట్టాడు. వారానికోసారి విప్పి మళ్ళీ కట్టాడు. కట్టు విప్పినప్పుడల్లా తొడ సన్నబడి కనిపించేది. పిల్ల నిద్రలో ఉలిక్కిపడి కెవ్వుమనేది. ఎదిగే పిల్లలకి నొప్పులు మామూలేనని మా అత్త అంది. పక్కింటివాళ్ళు దిష్టి తీశారు.

ఆ కట్టు కట్టించినందుకు తర్వాత నన్ను చాలామంది నానా మాటలూ అన్నారు. నేను అప్పుడు తల వంచలేదు, ఇప్పుడూ వంచను. మా ఆయన మోచెయ్యి విరిగితే ఆ కట్టుతోనే అతికింది. మా పేటలో సగంమంది కాళ్ళూ చేతులూ అలా అతికినవే. ఎముకలోకి కూడా క్షయ వస్తుందని, అది లోపల్లోపల తినేస్తుందని మాకు చెప్పినవాళ్ళు ఎవరు? చెప్పనిదాన్ని తెలుసుకోలేదని తల్లిని తిట్టడం తేలిక. తిట్టడానికి పడవ ఎక్కి రానక్కర్లేదు కూడా.

కాలు కిందపెట్టలేని స్థితి వచ్చాక మా ఆయన కామందుని బతిమాలి ఒక పూట సెలవు తెచ్చుకున్నాడు. కదిలిస్తే పిల్ల గిలగిలలాడుతోందని నులకమంచం మీదే పడుకోబెట్టి, పేటలోని మగవాళ్ళు నలుగురు రేవుదాకా మోశారు. పాశర్లపూడి రేవులో పడవవాడు కొబ్బరికాయల బస్తాలు దింపేసి మంచానికి చోటు చేశాడు. వైనతేయ గోదావరి దాటుతున్నంతసేపూ తెరచాప నీడ పిల్ల మొహం మీద పడేలా పడవని చూసుకుంటూ నడిపాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. అవతలి గట్టు మీద ఎడ్లబండి మాట్లాడుకుని అమలాపురం చేరాం.

ఆసుపత్రి పేరు రాయను. వరండాలో బల్లల మీద మధ్యాహ్నందాకా కూర్చున్నాం. అక్కడ అందరూ ఒకే వైపు, తలుపు వైపు, చూస్తూ కూర్చుంటారు. తలుపు తెరుచుకుంటే అందరూ లేస్తారు. ఒక పేరు పిలుస్తారు. మిగిలినవాళ్ళు కూర్చుంటారు.

డాక్టరమ్మగారు కరుణ కాలు పట్టుకుని చూసి, విప్పిన బద్దలు చూసి, నా మొహం చూశారు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?"

"కూలి చేస్తున్నానండి" అన్నాను.

ఆవిడకి అది పొగరుగా వినిపించింది. కొంచెం పొగరే. కాని అబద్ధం కాదు.

తర్వాత ఆవిడ చెప్పింది ఇది. పిల్ల నెలల తరబడి మంచం మీద వెల్లకిలా పడుకోవాలి. కాలికి తాడు కట్టి మంచం చివర బరువు వేలాడదీస్తారు. రోజూ సూది వెయ్యాలి. సూదిమందు ఆసుపత్రే ఇస్తుంది. కాని మధ్యలో మానేసి తీసుకుపోతే జబ్బు మొండికేస్తుంది, ఆ తర్వాత అదే మందు పోసినా లొంగదు. అప్పుడు కాలుతో పోదు, పిల్లే దక్కదు. ఉండగలిగితేనే చేర్చమన్నారు. తోడు ఒక్కరే ఉండాలి. చంటిపిల్లల్ని వార్డులోకి తేకూడదు. తోడున్నవాళ్ళకి ఆసుపత్రిలో తిండి ఉండదు, వెనక వంటపాకలో ఎవరిది వాళ్ళు వండుకోవాలి.

ఉంటానన్నాను. ఎలా ఉంటావని ఆవిడ అడగలేదు. అడగలేదు గనక నేనూ చెప్పలేదు.

తొలకరి

చిట్టిబాబుని అత్త దగ్గర వదిలేశాను. గేదెపాలలో నీళ్ళు కలిపి పట్టమని చెప్పాను. అత్తకి చూపు సరిగా ఆనదు, అయినా ఎంతోమందిని పెంచిన చేతులు గదా అని ధైర్యం తెచ్చుకున్నాను. ఇక్కడ నాకు పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. వంటపాక వెనక్కి వెళ్ళి పాలు పిండి మట్టిలో పోసేదాన్ని. అక్కడ నా కొడుకు నోరెండి ఏడుస్తున్నాడు, ఇక్కడ వాడి పాలు నేల తాగుతోంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

కరుణ కాలికి బరువంటే ఇటుకలే. తాడుకి కట్టి మంచం అవతల వేలాడదీశారు. "అమ్మా, ఇటుకలు ఎప్పుడు ఇంటికెళ్తాయి?" అని రోజూ అడిగేది. సూదికి ఏడ్చేది కాదు. నేను బయటికి వెళ్తే ఏడ్చేది. ఏడిస్తే కదిలేది, కదిలితే తాడు జారేది, తాడు జారితే పెద్ద నర్సమ్మగారు నన్ను కేకలేసేవారు. అందుకని వంట మానేసి మరమరాలతో సరిపెట్టుకున్న రోజులున్నాయి.

ఒకనాడు పొద్దున్నే మా అత్త పక్కింటావిడ చెయ్యి పట్టుకుని పడవ దాటి వచ్చింది. చంకలో చిట్టిబాబు. కళ్ళు లోతుకి పోయి, మెడ నిలబడక, పాత గుడ్డలా ఉన్నాడు. పోతపాలు పడక విరేచనాలు పట్టుకున్నాయి.

"నీ కొడుకుని నువ్వే చూసుకోవే తల్లీ. నా చేతుల్లో పోతే ఆ మాట నేను పడలేను" అంది. మెట్ల మీద కూలబడి కాసేపు ఆయాసం తీర్చుకుని, "ఒకదాని కోసం ఇద్దర్నీ పోగొట్టుకుంటావా? దాన్ని కూడా తీసుకుని ఇంటికొచ్చేయ్" అంది.

అత్త చెడ్డది కాదు. భయపడింది. నేనూ భయపడ్డాను. అత్త మళ్ళీ పడవ వేళకి వెళ్ళిపోయింది. పసివాడిని ఎత్తుకుని వార్డు వైపు నడిచాను. పెద్ద నర్సమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. సరే, గడప దాటొద్దంటే దాటనని, గడపకి ఇవతల చతికిలబడి పిల్లాడికి పాలిచ్చాను. అక్కడి నుంచే కరుణతో మాట్లాడాను. లోపలికి వెళ్ళేవాళ్ళు, బయటికి వచ్చేవాళ్ళు అందరూ నన్ను దాటుకునే వెళ్ళాలి. లెమ్మన్నారు. లేవలేదు. డాక్టరమ్మగారిని పిలిచారు.

"ఇది రోగాల వార్డు. ఈ పసివాడికి ఏదన్నా అంటుకుంటే బాధ్యత ఎవరిది?" అన్నారావిడ.

"ఇంటి దగ్గర విరేచనాలతో పోతే ఎవరిదండి?"

అంతటితో నేను ఆగలేకపోయాను.

"డాక్టరమ్మగారండీ, మీ సూది పనిచెయ్యాలంటే పిల్ల మంచం మీద కదలకుండా ఉండాలి. పిల్ల కదలకుండా ఉండాలంటే నేనుండాలి. నేనుండాలంటే ఈ చంటోడుండాలి. ఇందులో ఏది తీసేసినా మీ సూది ఉత్తి నీళ్ళేనండి."

పెద్ద నర్సమ్మగారు ఏదో అనబోయారు. డాక్టరమ్మగారు చెయ్యి ఎత్తి ఆపారు. పసివాడు వరండాలో ఉండొచ్చని, గడప మాత్రం దాటకూడదని, ఒక్కసారి దాటినా ముగ్గురం ఇంటికేనని చెప్పి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను. కాసేపయ్యాక అర్థమైంది, లోపలున్న పిల్ల దగ్గరికి వెళ్తే బయటున్న పిల్లాడు ఒంటరి, బయటికొస్తే లోపలి పిల్ల ఒంటరి. గడపకి అటో కాలు ఇటో కాలు వేసుకుని ఎన్నాళ్ళని కూర్చుంటాను?

ఊడ్పులు

కరుణ పక్క మంచం మీద సత్తిబాబు అనే పిల్లాడుండేవాడు. ఒళ్ళంతా నీరు పట్టి, మొహం ఉబ్బి, కళ్ళు చిన్న గీతల్లా ఉండేవి. వాడి తల్లి సూరమ్మగారు. కొత్తపేట వైపు చిన్న రైతు ఇంటి కోడలు. భర్తకి దుక్కులూ నారుమళ్ళూ, రావడానికి తీరేది కాదు. ఆవిడ కదిలితే పిల్లాడు లేచి కూర్చోబోయి తూలి పడేవాడు. అందుకని ఆవిడా పొయ్యి వెలిగించేది కాదు. నానబెట్టిన అటుకులు తినేది. నేను దగ్గరగా వెళ్తే తన మంచినీళ్ళ చెంబు అవతలికి జరిపేది. ఆ జరపడం నాకు కొత్తేమీ కాదు. అలవాటైనా మండుతూనే ఉంటుంది.

అప్పుడు ఊడ్పులు మొదలయ్యాయి. వరండాలోంచి చూస్తే ఊరి చివర మళ్ళల్లో ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. మా ఇంట్లో ఏడాది తిండికి సగం ఆ ఊడ్పుల్లో వచ్చే గింజలే. ఈ ఏడు అవి లేవు. చూస్తూ కూర్చుంటే నాకు బదుళ్ళు గుర్తొచ్చాయి. తెలియనివాళ్ళకి చెప్తున్నాను. కూలి ఇచ్చుకోలేని చిన్న రైతులు ఊడ్పుల్లో ఒకరి చేలోకి ఒకరు వెళ్తారు. ఇవాళ నీ చేలో నేను నాటితే రేపు నా చేలో నువ్వు నాటాలి. దాన్ని బదులంటారు. బదుళ్ళు చేనున్నవాళ్ళ మధ్య జరిగేవి. చేను లేని మాలాంటివాళ్ళం కూలికే వెళ్తాం, బదులుకి మమ్మల్ని ఎవరూ పిలవరు.

"సూరమ్మగారండీ, మనం బదులు పెట్టుకుందామా?" అన్నాను.

ఆవిడ నవ్వింది. ఆసుపత్రిలో ఆవిడ నవ్వగా చూడడం అదే మొదలు. "నీకు చేనెక్కడిదే, బదులంటున్నావు?"

"చేను లేదండి. పిల్ల ఉంది. మీకు పిల్లాడున్నాడు."

నవ్వు ఆగిపోయింది. కొడుకు మొహం చూసింది. తర్వాత, "నా గిన్నెలు ముట్టుకోకు మరి" అంది.

"బదుల్లో ఎవరి చేను వాళ్ళదేనండి. మీ చేలో నాటుతాను గాని మీ గాదెలో చెయ్యి పెట్టను గదా."

"ఆయ్, అయితే సరే" అంది.

పొద్దుటి పూట నేను లోపలుండి ఇద్దరు పిల్లల్నీ చూసేదాన్ని. ఆవిడ చిట్టిబాబుని చంకనేసుకుని వంటపాకకి వెళ్ళేది. చంటిపిల్లలకి అంటూ మైలా ఏమిట్లే అని తనే చెప్పుకుని ఎత్తుకుంది. మధ్యాహ్నం ఆవిడ లోపల, నేను బయట. నా వంట అయ్యాక చిట్టిబాబుని గట్టు మీద గొడుగు నీడలో పడుకోబెట్టి ఊరి చివర మళ్ళల్లో ఒక పూట నాటి గింజలు తెచ్చుకునేదాన్ని. కొన్నాళ్ళకి వరండాలోని మిగతా తల్లులూ కలిశారు. ఒకళ్ళు పిల్లల్ని చూస్తే ఒకళ్ళు వండుకునేవాళ్ళు, ఒకళ్ళు నాట్లకి వెళ్ళేవాళ్ళు. ఎవరి పొయ్యి వాళ్ళదే, ఎవరి గిన్నె వాళ్ళదే. పెద్ద నర్సమ్మగారికి ఇది బొత్తిగా గిట్టలేదు. ఆసుపత్రిని కూలీల రేవు చేసేశారని కేకలేసేవారు. డాక్టరమ్మగారు చూసీ చూడనట్టు వెళ్ళేవారు. పిల్లలు ఏడుపులు తగ్గించి కదలకుండా పడుకున్నారు. అది మాత్రం వాళ్ళకీ కనిపిస్తూనే ఉంది.

ఒకరోజు మళ్ళల్లో ఉండగా కుండపోతగా వాన పట్టుకుంది. పసివాడిని గుండెకి అదుముకుని చెట్టు కింద నిలబడిపోయాను. తెరిపిచ్చాక పరిగెత్తుకొచ్చేసరికి కరుణ భోజనం వేళ దాటిపోయింది. గుమ్మంలోంచి చూస్తే, సూరమ్మగారు నా గిన్నె ఒళ్ళో పెట్టుకుని, నేను వండిన గంజి అన్నం చేత్తో మెదిపి కరుణకి ముద్దలు పెడుతోంది. ఆవిడ నా వైపు తిరక్కుండానే, "చూసింది చాల్లే. తడిసి ముద్దయ్యేవు, తల తుడుచుకో" అంది. ఆ గిన్నె సంగతి ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. చెంబు జరపడం మాత్రం ఆగిపోయింది.

వినాయక చవితికి ముందు

సత్తిబాబుకి నీరు ఒకసారి తగ్గింది. మొహం తేటపడి ఎంత చక్కగా ఉన్నాడో అప్పుడు తెలిసింది. అంతలోనే మళ్ళీ వచ్చింది, ఈసారి ఊపిరి అందకుండా వచ్చింది. వాడికి బాగా జబ్బుగా ఉన్న రెండు రోజులూ సూరమ్మగారిని మంచం దగ్గర్నుంచి లేవొద్దన్నాను. ఆవిడ వంతు కూడా నేనే చేశాను. నాట్లకి వెళ్ళలేదు. చిట్టిబాబు వరండాలో ఏడ్చి ఏడ్చి నిద్రపోయేవాడు. రెండో రోజు మధ్యాహ్నం సత్తిబాబు, తల్లి చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచాడు. తండ్రి బండి తెచ్చాడు. ఆవిడ బండెక్కింది. నేను బండి వెనక కొంతదూరం నడిచాను.

ఆ మంచం మీదికి వేరే పిల్లాడు వచ్చాడు. వరండాలో బదుళ్ళు చెదిరిపోయాయి. కొందరి పిల్లలు నయమై వెళ్ళిపోయారు, ఉన్నవాళ్ళు భయపడి ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ నాకు గడపే దిక్కు. అటువంటప్పుడు చిట్టిబాబుకి జ్వరం తగిలింది. పెద్ద నర్సమ్మగారు, నేను ముందే చెప్పలేదా అన్నారు. మా ఆయన వచ్చాడు. అత్త జారిపడి మంచాన పడిందని, కామందు ఇంక ఒక్క పూట కూడా వదలనన్నాడని చెప్పాడు. "ఇంటికి పోదాం మార్తా. మన వల్ల కాదు" అని గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడలేదు అంతకు ముందు. డాక్టరమ్మగారిని అడిగితే మందు ఇంకా సగమే పడిందని, ఇప్పుడు తీసుకుపోతే ఏమవుతుందో ముందే చెప్పానని, ఆ పైన నా ఇష్టమని అన్నారు. నా ఇష్టం! నా ఇష్టాన్ని ఎవరు అడిగారని?

మూట కట్టాను. అవును, నేనే కట్టాను. ఒకవైపు అత్త, ఒకవైపు పసివాడు, ఒకవైపు ఇంట్లో ఖాళీ కుండ. కరుణ నా చేతుల వైపు చూస్తూ, "ఇటుకలు కూడా మనతో వస్తాయా అమ్మా?" అంది. మా ఆయన బండి కోసం వెళ్ళాడు.

బండి చప్పుడైతే ఆయనే అనుకుని వరండాలోకి వచ్చాను. సూరమ్మగారు దిగుతోంది. చంకలో చాప, చేతిలో గిన్నెల బుట్ట. మనిషి సగమైపోయింది. నా మూట వైపు చూసింది.

"ఎక్కడికి ప్రయాణం?"

చెప్పాను. చెప్పి, "మీరెందుకొచ్చేరండీ? మీకింక బదులేముంది, బాబు..." అని ఆగిపోయాను.

"ఆ రెండు రోజులూ నా వంతు నువ్వు చేసేవు. అది నా మీద ఉండిపోయింది" అంది. "నా చేను పోయిందని బదులు ఎగ్గొట్టనా, మార్తమ్మా?"

నా చేతిలో పసివాడి ఒళ్ళు చూసి, కాలుతోందని, ముందు వాడిని డాక్టరమ్మగారికి చూపించమని చెప్పి లోపలికి నడిచింది. కొడుకు పోయిన ఆ మంచం పక్కనుంచే నడిచింది. కరుణ దగ్గర కూర్చుని జడ విప్పి చిక్కు తియ్యడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మగారు అప్పుడే వార్డు చూడడానికి వచ్చారు. ఆవిడని గుర్తుపట్టి నిలబడిపోయారు. "నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నారు మెల్లిగా.

"నా వంతుకి వచ్చేనండి" అంది సూరమ్మగారు.

డాక్టరమ్మగారు తిరిగి వరండాలోకి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. చిట్టిబాబుని తన ఒళ్ళోకి తీసుకుని ఒళ్ళు చూశారు. తర్వాత, నేను వచ్చిన ఇన్నాళ్ళకి, అడిగారు. ఇంటి దగ్గర ఎవరున్నారు, ఎవరు పనిలోకి వెళ్తున్నారు, పొయ్యి ఎలా వెలుగుతోంది, ముసలావిడని ఎవరు చూస్తున్నారు అని. అడిగారు గనక అన్నీ చెప్పాను. మా ఆయన బండితో వచ్చేసరికి నేను ఇంకా చెప్తూనే ఉన్నాను. ఆ బండిని వెనక్కి పంపేశాం.

క్రిస్మస్ దాకా

రెండు రోజుల బదులు, ఆవిడ ఇంటికి వెళ్ళిన రోజులు తీసేసినా, రెండు నెలలు దాటింది. మధ్యలో సూరమ్మగారు ఇంటికి వెళ్ళొచ్చేది, మళ్ళీ వచ్చేది. చిట్టిబాబు జ్వరం తగ్గింది. ఆసుపత్రి వాడికి రోజూ పాలు ఇచ్చింది. డాక్టరమ్మగారు మా సంఘంవాళ్ళకి కబురు చేస్తే వాళ్ళు వంతులేసుకుని అత్తకి గంజి కాచి పోశారు. కామందుకి కూడా ఆవిడ ఏం కబురు పంపారో గాని ఆదివారాలు మా ఆయన్ని వదిలాడు. అప్పటి నుంచి ఆవిడ ఏ పిల్లని చూసినా, నాడి పట్టుకునే ముందు తల్లిని అడిగేవారు, తిన్నావా, ఇంట్లో చంటిపిల్లలున్నారా, నువ్విక్కడుంటే ఇంట్లో ఎవరు అని.

వార్డు పక్కన తల్లులకీ చంటిపిల్లలకీ ఒక పాక లేచింది. ఆ పాక డాక్టరమ్మగారు వేయించారని ఊళ్ళో అందరూ అంటారు. ఆవిడ చోటు ఇచ్చారు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, ఆవిడంటే నాకు గౌరవం. కాని అల్లిన కొబ్బరాకులు పడవ మీద తెచ్చింది మా ఆయన. వెదుళ్ళు తెచ్చింది సూరమ్మగారి భర్త. కప్పింది వరండాలో తల్లుల తాలూకు మగవాళ్ళు. అలికింది మేము. ఆ సంగతి కూడా ఎవరో ఒకరు చెప్పాలి గదా.

క్రిస్మస్ ముందు సూదులు పూర్తయ్యాయి. తాడు విప్పారు. "ఇటుకలు ఇంటికెళ్ళిపోయాయి" అని కరుణ అందరికీ చెప్పింది. పిండికట్టుతో మరికొన్నాళ్ళు, తర్వాత కట్టు విప్పి, నేలమీద నిలబెట్టారు. ఒక పక్క నేను, ఒక పక్క సూరమ్మగారు. పిల్ల నన్ను వదిలి ఆవిడ వైపు అడుగేసింది. నాకు కొంచెం అసూయ కలిగింది, అబద్ధమెందుకు.

మీలో ఎవరి బిడ్డకైనా పెద్ద జబ్బు చేస్తే నేను చెప్పేది ఇదే. మందు రాసి ఇచ్చేవాళ్ళు మీ ఇంటి సంగతి అడక్కపోతే, అడగకుండానే చెప్పండి. చెప్తే వినకపోతే గడప మీద కూర్చోండి. అది గొంతెమ్మ కోరిక కాదు. అది కూడా వైద్యంలో భాగమే. ఇంకో మాట. మీ పక్కన కూర్చున్న తల్లి ఎవరైనా సరే, ముందు మీరే పలకరించండి.

1957, ఊడ్పులు

రెండు నెలల బదులు నా మీద ఉంది గనక ఏటా ఊడ్పుల్లో కొత్తపేట వైపు వెళ్తాను. ఈ ఏడు కరుణనీ తీసుకెళ్ళాను. బురదలో దిగలేదు గాని గట్టు మీద నిలబడి నారుకట్టలు అందిస్తానంది. సూరమ్మగారు, నేను పక్కపక్కనే వంగి నాటుతున్నాం. సాయంత్రం ఆవిడ భర్త ఏటా లాగే, కూలివాళ్ళకి కొలిచినట్టు నాకూ గింజలు కొలవబోయాడు.

"వద్దండి. నేను బదులుకి వచ్చేను" అన్నాను.

అక్కడున్న ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ మూతి విరిచి, "బదులంటే చేనుండాలి గదా. ఈవిడకి చేనెక్కడుంది?" అంది.

నేను నోరు తెరిచేలోపు, చివరి వరస ముగిస్తున్న సూరమ్మగారు నడుం ఎత్తకుండానే, నాటుతూనే చెప్పింది.

"ఉంది. గట్టు మీద నిలబడింది, చూడు."